తోక మీద రేకు

పోయినవారం మనం టార్చిని నిచ్చెన మీద నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అక్కడే ఉన్నాడు. చేతిలో స్కేలు, నోట్లో టార్చిలైటు, కళ్ళెదురుగా పాత విమానం తోక.

నడుమ వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. టార్చి అంటే ఆ చిన్న విమానాల షెడ్డులో మెకానిక్కు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే షెడ్డు, అదే స్టూలు. ఎంత ఇరుకు సందైనా నోట్లో టార్చిలైటు కరుచుకుని దూరిపోతాడు గనక ఆ పేరు పడింది. అతని అక్కయ్యని చేసుకున్నాయన ఆపరేషన్లు చేసే డాక్టరు. పద్దెనిమిదేళ్ళుగా ప్రతి గురువారం తన చిన్న విమానాన్ని తనే నడుపుకుంటూ, నలభై నిమిషాలు సముద్రం దాటి, మూడు దీవుల్లో రోగుల్ని చూసి పొద్దుగూకేలోగా తిరిగొస్తాడు. ఆ విమానానికి వయసైపోయింది. ఇంకోటి కొనాలి. చూసినవి రెండు. ఒకటి కొత్తది, ముక్కు మీద ఒక్క ఇంజనున్నది. గాల్లో ఏదైనా అయితే విమానం మొత్తానికీ ఒక పారాచూట్ గొడుగు విచ్చుకుంటుంది. రెండోది ముప్పై ఎనిమిదేళ్ళ పాతది, రెక్కకొకటి చొప్పున రెండు ఇంజన్లది. డాక్టరుకి మొదటిది కావాలి. అక్కయ్యకి రెండోదే కావాలి. నాలుగేళ్ళ కిందట వాళ్ళ స్నేహితుడొకాయన ఒంటి ఇంజను విమానంలో సముద్రం మీదికి వెళ్ళి మరి రాలేదు. అప్పట్నుంచీ ఆవిడది ఒకటే మాట. రెండు ఇంజన్లుంటే ఎగురు, లేదా ఇంట్లో కూర్చో.

మొగుడూ పెళ్ళాల మధ్య తీర్పు చెప్పే పని ఎవరి నెత్తినా పడకూడదు. అది టార్చి నెత్తిన పడింది. రెండింజన్ల ముసలిదాన్ని ఐదు రోజులు విప్పాడు, చూశాడు, బిగించాడు. కొనొచ్చో కొనకూడదో ఈ మధ్యాహ్నం పన్నెండులోపు కాగితం మీద రాసివ్వాలి. పన్నెండు దాటితే ఇంకొకరికి ఇచ్చేస్తానని అమ్మే బ్రోకరు తెగేసి చెప్పాడు.

పొద్దున్నే ఆ కాగితం రాయడానికి కూర్చున్నవాడు, ముందు బావ పాత విమానం పని కాస్త చూద్దామని లేచాడు. దాన్ని వదిలించుకునేలోగా తోక మీది రేకుని, విమానంతో వచ్చిన పుస్తకంలో ఉన్న కొలతకి తెచ్చి పెట్టాలి. స్కేలు పెట్టాడు. పెట్టినవాడు పెట్టినట్టే ఉండిపోయాడు.

ఆ రేకు ఎంతో ఉండదు, అరచేయంత. తోకలో నిలువుగా ఉండే చుక్కాని చివర అంటించి ఉంటుంది. విమానం ముక్కు ఎడమకి లాగుతుంటే దాన్ని వేళ్ళతో కాస్త ఎడమకి వంచుతారు. గాలి దాన్ని నెడుతుంది, చుక్కాని కుడికి జరుగుతుంది, నడిపేవాడి కుడికాలికి శ్రమ తగ్గుతుంది. అంతే సంగతి. పుస్తకం ప్రకారం అది వేలి మందం మించి వంగకూడదు. ఇప్పుడు మూడు వేళ్ళు వంగి ఉంది. వంచింది ఇంకెవరో కాదు, టార్చే. పోయినేడు వానాకాలంలో ఒకసారి, చలి మొదలయ్యాక ఒకసారి, మొన్న ఎండల్లో ఒకసారి. "ఎడమకి లాగుతోందోయ్ బావమరిదీ" అని డాక్టరు అన్నప్పుడల్లా, పాతది కదా, ఒళ్ళు వంకరపోయుంటుందని కొంచెం కొంచెం వంచుతూ వచ్చాడు.

అదొక్కటే అయితే సరిపెట్టుకునేవాడు. బ్రేకులు గుర్తొచ్చాయి. ఎడమ చక్రం బ్రేకు అరిగిపోయి, కుడిది కొత్తదానిలా ఉంటే, రెండు నెలలకోసారి అటుది ఇటూ ఇటుది అటూ మార్చి బిగించింది కూడా అతనే. పనిమంతుడు కదా, సామాను వృథా పోనివ్వడు! కుడి చక్రం బ్రేకుని కుడికాలే తొక్కాలి, అది తొక్కడం లేదేమోనన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు. జబ్బు మనిషికి ఉంటే ఏడాదిగా మందు విమానానికి వేస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే షెడ్డు తలుపు తెరుచుకుంది.

"ఏమోయ్, తోకతో ముచ్చట్లాడుతున్నావా?" అంటూ డాక్టరు లోపలికొచ్చి గొడుగు దులిపాడు. అరవై రెండేళ్ళ మనిషి, పొడుగ్గా, శుభ్రంగా ఉంటాడు. బయట సన్నగా, విసుగ్గా వాన పడుతూనే ఉంది. తలుపు కింద ఇనుప పట్టీని దాటేటప్పుడు డాక్టరు కుడి తొడని చేత్తో కొద్దిగా ఎత్తిపట్టి దాటించాడు. అలా దాటడం టార్చి ఎన్నిసార్లు చూసి ఉంటాడో! ఇవాళే కనబడింది.

నిచ్చెన దిగి, స్కేలు జేబులో పెట్టుకుని, "బావా, ఆ రెండింజన్ల దాంట్లో ఒక్కసారి కూర్చుంటావా? పెడల్సు చూడాలి" అన్నాడు.

"నేను కొననిదాంట్లో నేనెందుకు కూర్చోవడం?"

"నా కాగితానికి కావాలి."

"నీ కాగితం కోసం నన్ను ఉరికంబం ఎక్కమన్నా ఎక్కేలా ఉన్నాను" అని నవ్వి, డాక్టరు రెక్క మీద చెయ్యి ఆనించి మెల్లగా పైకెక్కాడు. పైలటు సీట్లో సర్దుకోవడానికి కాస్త సమయం తీసుకున్నాడు.

టార్చి విమానం ముక్కు కింద జాకీ పెట్టి ముందు చక్రం నేల వదిలేదాకా లేపాడు. ముందు చక్రాన్ని కూడా ఆ పెడల్సే తిప్పుతాయి, అది గాల్లో ఉంటే ఇక వాటికి అడ్డేమీ ఉండదు. అక్కడ తొక్కితే ఇక్కడ తోకలో చుక్కాని కదలాలి, అంతే. వెనక్కి వెళ్ళి చుక్కానికి ఎడమవైపు నిలబడి రెండు అరచేతులూ ఆనించాడు.

"ఎడమది తొక్కు బావా! గట్టిగా!"

చుక్కాని వచ్చి ఛాతీ మీదికి నెట్టింది. టార్చి చెప్పులు గచ్చు మీద జారి, ఒక అడుగు వెనక్కి పడ్డాడు. అరవై రెండేళ్ళ కాలులో ఇంత బలముందా అని మురిసిపోయేవాడే, ఇంకో రోజైతే.

కుడివైపుకి మారాడు. "ఇప్పుడు కుడిది!"

చుక్కాని సగం దాకా వచ్చింది. వచ్చి, అతని అరచేతులకి తగిలి ఆగింది. టార్చి ఒక చెయ్యి తీసేశాడు. అయినా కదల్లేదు. రెండో చెయ్యి కూడా తీసి, రెండు వేళ్ళు మాత్రం ఆనించి ఉంచాడు.

"తొక్కు బావా."

"తొక్కుతూనే ఉన్నానురా" అంది లోపల్నుంచి గొంతు.

ముప్పై మూడేళ్ళ బాంధవ్యంలో డాక్టరు అతన్ని 'రా' అనడం అదే మొదలు. టార్చి వేళ్ళు తీసేశాడు. చుక్కాని నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా, చివరిదాకా వెళ్ళి ఆగింది.

జాకీ దించి, చేతులు తుడుచుకుని, రెక్కెక్కి పక్క సీట్లో కూర్చున్నాడు. అద్దం మీద వాననీళ్ళు కారకపోయినా, షెడ్డు కప్పు మీద పడే చప్పుడు ఇద్దరి నెత్తినా పడుతున్నట్టే ఉంది. డాక్టరు ముందున్న మీటర్ల వంక చూస్తున్నాడు. ఒక్కదాంట్లోనూ ముల్లు కదలడం లేదు.

"ఎన్నాళ్ళయింది?" అన్నాడు టార్చి.

"పదహారు నెలలు. నడుం దగ్గర నరం నలిగింది. ముందు మునివేళ్ళు మొద్దుబారాయి. తర్వాత మడమ. ఇప్పుడు మోకాలి దాకా వస్తోంది."

"ఆపరేషనుందిగా?"

"ఉంది. నా కాలు నాకు తిరిగొస్తుందని మాత్రం ఎవరూ రాసివ్వరు. చేయించుకున్నానని తెలిసిన రోజే విమానం నడిపే లైసెన్సు పోతుంది."

"మరి ఏటేటా వైద్యపరీక్ష చేస్తారుగా? అక్కడెవరూ పట్టుకోలేదా?"

"చేసేవాడు నా శిష్యుడు. నా చేత కాలెత్తించి చూసేంత ధైర్యం వాడికెక్కడిది? కాఫీ ఇచ్చి సంతకం పెడతాడు."

టార్చికి కోపం వచ్చింది. ఆ శిష్యుడి మీద రావలసిన కోపం తన మీదికే వచ్చింది. తను మాత్రం చేసిందేమిటి?

"నాకైనా చెప్పొచ్చుగా, బావా!"

"చెబితే రేకు వంచేవాడివా?"

డాక్టరు కుడి మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, రోగితో మాట్లాడే గొంతుతో మొదలుపెట్టాడు.

"పోయిన గురువారం పెద్ద దీవిలో ఒక అమ్మాయికి కడుపు కోసి బిడ్డని తీశాను. నేను వెళ్ళకపోతే తల్లీ దక్కేది కాదు, బిడ్డా దక్కేది కాదు. నా బదులు వస్తామని ఎవరన్నారు చెప్పు? ఐదేళ్ళుగా కనపడ్డవాడినల్లా అడుగుతున్నాను. అందరూ చాలా గొప్ప పని చేస్తున్నారంటారు. అని ఇంటికెళ్ళిపోతారు. అందుకే నాకు కొత్తది కావాలి. ఇంజను ముక్కు మీదుంటుంది. ఆగినా పక్కకి లాగదు, తిన్నగా జారుతుంది. కాలితో అంత పనుండదు. మరీ ఐతే గొడుగుంది. ఇదుందే..." అంటూ రెండింజన్ల దాని తలుపు మీద వేళ్ళతో కొట్టాడు. "ఇదేం చేస్తుందో నీకు వేరే చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. రెండు తెడ్ల పడవలో ఒక తెడ్డే వేస్తే పడవ గిరగిరా తిరిగినట్టు, ఎడమ ఇంజను ఆగితే కుడిది ఒక్కటే లాగి విమానాన్ని ఎడమకి తిప్పేస్తుంది. ఆ క్షణంలో కుడి పెడలు మీద ఒంట్లో బలమంతా పెట్టి తొక్కి పట్టాలి. పట్టలేకపోతే అది తిరిగి, వెల్లకిలా పడి, నేల చూపు చూస్తుంది. రెండో ఇంజను ఉన్నందుకు మేలు కావాలంటే కాలు ఉండాలి. కాలు లేనివాడికి ఆ రెండోదే యముడు.

"మీ అక్కకి ఇదంతా చెప్పలేను" అన్నాడు డాక్టరు. "నువ్వొక పని చెయ్యి. రెక్క లోపలి దూలానికి తుప్పు పట్టిందని రాసెయ్. ముప్పై ఎనిమిదేళ్ళ ముసలిది, ఎవరు కాదంటారు? నీ మాట అంటే మీ అక్కకి వేదం. గొడవ వదిలిపోతుంది."

"లేని తుప్పు ఎలా రాయను? లోపల వేలు పెట్టి తడిమి చూశాను బావా. దూలం నిగనిగలాడుతోంది."

"ఒక్క అబద్ధం."

"రాయను. అక్కయ్యతో నువ్వే చెప్పు, సాయంత్రంలోపు. చెప్పకపోతే నేను చెబుతాను."

డాక్టరు ముఖం జేవురించింది. "నువ్వు విమానాలకి మెకానిక్కువోయ్. నాకు కాదు" అన్నాడు. తలుపు తోసి రెక్క మీదికి వచ్చాడు. దిగేటప్పుడు కుడికాలు మెట్టుని తప్పింది. కిందపడేవాడే, రెక్క అంచు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. టార్చి చెయ్యందించాడు. అటు చూడకుండానే గొడుగు తీసుకుని, వానలోకి వెళ్ళిపోయాడు డాక్టరు. గొడుగు మాత్రం విప్పడం మరిచిపోయాడు.

*

షెడ్డు మూలనున్న గదిని ఆఫీసంటారు గానీ, ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి చేతి రేడియో, మూలన విరిగిన ఫ్యాను తప్ప అందులో ఏమీ లేదు. టార్చి అక్కడ కూర్చుని తెల్ల కాగితం వంక పావుగంట చూశాడు. గడియారం పదకొండు దాటింది. బయట వాన తెరిపిచ్చింది గానీ మబ్బు ఇంకా బాగా కిందికే వేలాడుతోంది.

బావ చెప్పడు. ఆ సంగతి అతనికి ఖాయంగా తెలుసు. తను చెబితే? గురువారాలు ఆగిపోతాయి. ఆ దీవుల్లో జనం ఏమైపోతారో దేవుడెరుగు. బావ మాత్రం వరండా కుర్చీలో కూర్చుని ఏడాదిలో ఎండిపోతాడు. పోనీ ఉన్నదున్నట్టు, విమానం బాగుంది కొనొచ్చు అని రాస్తే? అక్కయ్య సంతోషంగా కొనిపెడుతుంది. ఏదో ఒకరోజు ఎడమ ఇంజను ఆగుతుంది. తన చేత్తో రాసిన కాగితం మీద బావ చచ్చిపోతాడు. ఎటు తిప్పి చూసినా అబద్ధం ఒక్కటే అందరికీ సరిపోయే కొలతలో ఉంది. దొంగ పనికి తర్కం ఎప్పుడూ తక్కువ కాదు.

కలం తీసుకున్నాడు. 'రెక్క లోపలి దూలానికి తుప్పు పట్టింది. కొనడానికి పనికిరాదు' అని రాశాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో కాగితం మీద అతను రాసిన మొదటి అబద్ధం అది. కింద సంతకం పెడుతుంటే బయట ఒక ఇంజను మొదలైన చప్పుడు వినిపించింది, కాసేపటికి రెండోది. వాన వెలిసింది కదా, బ్రోకరు రెండింజన్ల దాన్ని బయటికి లాగించి, చెమ్మ ఆరడానికి నడుపుతున్నాడు కాబోలనుకున్నాడు. ఐదు రోజులుగా రోజూ చేస్తున్న పనే అది.

తలుపు తోసుకుని అక్కయ్య వచ్చింది. ముప్పై ఏళ్ళు లెక్కల టీచరుగా చేసిన మనిషి. ఏ గదిలోకి వచ్చినా ముందు బల్ల వంక చూస్తుంది. కుర్చీ లాక్కుని కూర్చుంటూనే, "అయిందా?" అని చెయ్యి చాపింది.

టార్చి ఇచ్చాడు. ఆవిడ చదివింది. ఉన్నవి రెండే వాక్యాలు, అయినా చాలాసేపు చదివింది. కాగితాన్ని బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది.

"నీకు అక్షరాలు దిద్దించింది నేను" అంది. "నిజం రాసేటప్పుడు నీ రాత కోడి గెలికినట్టు ఉంటుంది. ఇదేంట్రా, ఇంత గుండ్రంగా రాశావు?"

టార్చి కలం మూత తీసి మళ్ళీ పెట్టాడు.

"ఆయనే రాయమన్నాడా?"

"అక్కయ్యా, ఈ విమానం వద్దు. ఎందుకని అడగకు. నా మాట విను."

"కాలు గురించేనా?"

అక్కయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ, పాఠం చెప్పినట్టు నిదానంగా చెప్పుకుపోయింది.

"ఏడాది నుంచీ తెలుసు. మెట్లెక్కేటప్పుడు చప్పుడు మారింది. ఎడమది అడుగు, కుడిది ఈడ్పు. ముప్పై మూడేళ్ళుగా వింటున్న అడుగులు, ఆ మాత్రం తెలియదా? ఇప్పుడు బూట్లు కూర్చుని వేసుకుంటున్నాడు. నన్ను చూస్తే దేనికో వెతుకుతున్నట్టు నటిస్తాడు. ఎంత చేతకాని నటనో!"

"తెలిసీ ఊరుకున్నావా?"

"అడుగుదామనుకున్న రోజే దీవి నుంచి వచ్చి, అన్నం తింటూ, ఆవేళ బతికించినవాళ్ళ సంగతి చెప్పాడు. చిన్నపిల్లాడిలా చెప్పాడురా. నేను వద్దంటే మానేస్తాడు, నా మాట తీసెయ్యడు. మానేసి నా ఎదురుగా కూర్చుంటాడు. దీవిలో ఎవరో పోయారని కబురు వచ్చినప్పుడల్లా నా ముఖంలోకి చూస్తాడు. ఒక్క మాట కూడా అనడు. ఆ చూపు నేను పడలేను. పిరికిదాన్ని అనుకో, ఏమైనా అనుకో."

"మరి రెండింజన్లే కావాలని పట్టుబట్టావు కదా? అది మరీ ప్రమాదం అక్కయ్యా!"

"అందుకే పట్టుబట్టాను."

టార్చికి అర్థం కాలేదు. ఆవిడ ముఖంలోకి చూశాడు. ఏడుపు లేదు. రాత్రుళ్ళు ఏడ్చి తీర్చేసుకున్న ముఖం అది.

"రెండింజన్ల దానికి వేరే పరీక్ష ఉంటుందని నువ్వే చెప్పావు, ఎప్పుడో మా ఇంట్లో భోంచేస్తూ. ఒక ఇంజను ఆపేసి, కాలితో నిలబెట్టమంటారట కదా? నువ్వు వాగేవన్నీ నేను వింటాను. ఆ పరీక్షలో నిలబెట్టలేడు. లైసెన్సు వాళ్ళే తీసేసుకుంటారు. నేను ఆపినట్టు ఉండదు, నువ్వు ఆపినట్టు ఉండదు. ఆయన కాలే ఆయనకి చెబుతుంది. దానితో పోట్లాడుకోనీ జీవితాంతం. స్నేహితుడు పోయాడని భయం అన్నానే, అది సాకురా. భయం లేదని కాదు. కానీ అది సాకు."

చూశారా ఈ ఇంటి తీరు! మొగుడు పెళ్ళానికి తెలియకూడదని దాచాడు. తెలిసిందని మొగుడికి తెలియకూడదని పెళ్ళాం దాచింది. ఇద్దరినీ కాపాడదామని తమ్ముడు దొంగరాత రాశాడు. ముగ్గురిలో ఒక్కరు ఒక్క పూట నోరు విప్పి ఉంటే ఈ కథ ఎనిమిది వారాల కిందటే అయిపోయేది. ఒకరి మీద ఒకరికి ప్రేమ లేకపోయినా అయిపోయేదే.

టార్చి కాగితం తీసుకుని నాలుగు ముక్కలు చేశాడు. "ఇంక నాటకాలొద్దు అక్కయ్యా. బావ ఎక్కడున్నాడు? ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం."

"ఇంకో పావుగంటలో వస్తాడుగా" అంది ఆవిడ. "పరీక్ష దాకా, నెలల తరబడి ఎందుకని, బ్రోకరుకి ఇందాకే నేను చెప్పాను. నాకు ధైర్యం రావాలి, ఒకసారి పైకి తీసుకెళ్ళి, ఎడమ ఇంజను ఆపి, మా ఆయన చేతే నడిపించి చూపించండి అన్నాను. ఎడమదే ఆపమన్నాను. మీ బావ మొదట కాదన్నాడు. నువ్వేదో అన్నావట కదా పొద్దున? ముఖం మాడ్చుకుని, సరే నేనే చూపిస్తాను పద అని ఎక్కాడు. పక్కన బ్రోకరున్నాడుగా, వాడూ పైలటేగా, వాడికీ ఓ జత పెడల్సు ఉంటాయిగా? మహా అయితే పరువు పోతుంది. పోనీ."

టార్చి కుర్చీ వెనక్కి పడిపోయింది. "ఎంత ఎత్తులో ఆపమన్నావు?"

"ఎత్తేమిటి?"

ఆవిడకి లెక్కలన్నీ వచ్చు, ఈ ఒక్కటీ రాదు. పైన బోలెడంత ఎత్తుంటే బ్రోకరు అందుకుని సరిచేసేదాకా విమానం కిందికి జారడానికి చోటుంటుంది. ఇవాళ మబ్బు నెత్తి మీదుంది. ఎగిరితే దాని కిందే ఎగరాలి. ఆ ఎత్తులో విమానం తిరగబడితే అందుకోవడానికి నాలుగు సెకన్లు కూడా ఉండవు. పక్కనున్నవాడికి ఆ కాలి సంగతి తెలియనే తెలియదు. డాక్టరు తొక్కుతాడనే నమ్మకంతో చేతులు కట్టుకుని కూర్చుంటాడు.

టార్చి ఒక్క అంగలో గోడ దగ్గరికి వెళ్ళి చేతి రేడియో లాగాడు. అక్కయ్య అతని ముఖం చూసి లేచి నిలబడింది. తలుపులోంచి చూస్తే రన్‌వే ఖాళీగా, తడిగా ఉంది. మోత మాత్రం వస్తోంది, మబ్బు అంచున, ఎడమ చేతివైపు నుంచి.

"బ్రోకరు గారూ, షెడ్డు నుంచి మాట్లాడుతున్నాను. ఇంజను ఆపకండి. ఆపకుండా తిన్నగా దిగిపొండి."

"ఏం కంగారు పడకండి మెకానిక్ గారూ" అన్నాడు బ్రోకరు హుషారుగా. "మేడం గారు ముచ్చట పడ్డారు. ఇప్పుడే మొదలుపెడుతున్నాం."

మధ్యలో ఇంకో గొంతు దూరింది. టవరులో కూర్చునే ఆఫీసరుది. "షెడ్డు, ఎందుకు ఆపొద్దంటున్నారు? కారణం చెప్పండి."

కారణం. ఆ రేడియోలో మాట్లాడేది టవరు వింటుంది, రాసుకుంటుంది. చెప్పిన మరుక్షణం బావ లైసెన్సు పోయినట్టే, గురువారాలు పోయినట్టే. టార్చి బొత్తాం మీద వేలు పెట్టి ఒక్క క్షణం ఆగాడు. ఒక్క క్షణమే. ఆ క్షణంలో అక్కయ్య అతని చేతితో సహా రేడియోని తన వైపు లాక్కుంది. ఎలా పట్టుకోవాలో కూడా తెలియదు ఆవిడకి. అతని వేలి మీదే తన వేలు పెట్టి నొక్కింది.

"ఆయన కుడికాలు పని చెయ్యదు" అంది. క్లాసులో వెనక బెంచీకి వినబడేలా చెప్పే గొంతు అది. "ఏడాదో ఏడాదిన్నరో, నాకు సరిగ్గా తెలియదు. తొక్కలేడు. ఆయన్ని నమ్మి ఇంజను ఆపకండి. నేను ఆయన భార్యని."

వేలు తీసింది. రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. అప్పుడొచ్చింది డాక్టరు గొంతు. కోపం లేదు అందులో. వయసంతా ఒక్కసారి మీద పడ్డ మనిషి గొంతు.

"నీకు తెలుసా?"

అక్కయ్య పెదవులు కదిలాయి. మళ్ళీ బొత్తాం వెతుక్కుని నొక్కబోయింది. టార్చి ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపాడు, వినమన్నట్టు. మబ్బు అంచున వస్తున్న రెండు మోతల్లో ఒకటి సన్నబడింది, దగ్గింది, ఆగిపోయింది.